“మీ పేరేమిటి?” – ఆసుపత్రిలో పదేపదే ఎందుకడుగుతారు?

మీ తరగతి హాజరు పట్టీ ఒకసారి చూడండి. ఒకే పేరు గలవారు ఇద్దరైనా ఉంటారు. తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలి ప్రాంతంలో గద్వాల జములమ్మ పేరు, అలంపురం జోగులాంబ పేరు పిల్లలకు పెట్టుకోవడం మామూలే.

ఇప్పుడు ఇలా ఊహించండి. రాజోలి నుంచి ఒక జములమ్మ, పక్క ఊరి నుంచి మరో జములమ్మ ఒకే ఆసుపత్రిలో చేరారు. మంచాలు పక్కపక్కనే. ఒకామెకు రక్తం ఎక్కించాలి. “జములమ్మవు నువ్వేనా?” అని నర్సు అడిగితే, నిద్రమత్తులో ఉన్న రెండో ఆమె “ఊఁ” అంది!

ఏమవుతుంది? మన రక్తంలో ఎ, బి, ఎబి, ఓ అనే వర్గాలున్నాయని మీకు తెలుసు. వీటికి దారి చూపినది కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో ప్రకటించిన పరిశోధన. అందుకే ఆయనకు 1930లో నోబెల్ బహుమతి లభించింది. ఓ వర్గం వారి రక్తరసిలో ఎ కణాలకూ, బి కణాలకూ విరోధులైన ప్రతిరక్షకాలు పుట్టుకతో వచ్చినట్లే సిద్ధంగా ఉంటాయి. ఆమెది ఓ వర్గమై, ఎక్కించినది ఎ వర్గమైతే, కొత్తగా వచ్చిన ఎర్రకణాలు నరాల్లోనే పగిలిపోతాయి. వాటిలోని హిమోగ్లోబిన్ బయటికొచ్చి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ప్రాణమే పోవచ్చు. విచిత్రమేమిటంటే, ప్రయోగశాలలో పరీక్ష సరిగానే జరిగింది, సంచి మీద రాసిన వర్గమూ సరైనదే!

అందుకే “నువ్వు ఫలానానా?” అని అడగకూడదు, “మీ పేరేమిటి?” అని అడిగి వారి నోటనే చెప్పించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన సూచన ప్రకారం కనీసం రెండు గుర్తులు సరిచూడాలి. పేరు ఒకటి, పుట్టిన తేదీ మరొకటి కావచ్చు. మంచం నంబరు మాత్రం పనికిరాదు. మంచాలు మారుతుంటాయి కదా!

మన దగ్గర ఇంకో తంటా ఉంది. పుట్టిన సంవత్సరం మాత్రమే తెలిసిన పెద్దలకు కాగితాల్లో జనవరి 1 అని రాసేస్తారు. లలిత పేరును ఇంగ్లీషులో ఒకరు ‘హెచ్’ చేర్చి, ఒకరు చేర్చకుండా రాస్తారు. కాబట్టి ఆసుపత్రి ఇచ్చే నంబరే మేలు. దాన్ని కాగితం మీద కాక, రోగి మణికట్టుకు పట్టీగా కడతారు. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద రాజోలిని ముంచెత్తింది. అలాంటప్పుడు స్పృహ తప్పినవారి దగ్గర కార్డు ఎక్కడుంటుంది? పేరు తెలియకపోయినా పట్టీ మీద ఒక నంబరు వేసి వైద్యం మొదలుపెడతారు.

పరీక్షకు రక్తం తీసిన గొట్టం మీద పేరు కూడా మంచం దగ్గరే రాయాలి. నాలుగు గొట్టాలు బల్ల మీదికి చేర్చి, తర్వాత రాద్దామనుకోవడమే ప్రమాదం.

మరి పసిబిడ్డ పేరు చెప్పలేదు కదా? కాన్పు గదిలోంచి కదలకముందే తల్లికీ బిడ్డకూ ఒకే నంబరున్న పట్టీలు కడతారు. కవలలైతే ఎవరు ముందు పుట్టారో కూడా రాస్తారు.