చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లము

అతిసారము సోకిన బిడ్డకు నీరు త్రాగింపరాదనియు, త్రాగించినకొలది విరేచనములు హెచ్చుననియు మన పెద్దలలో పలువురు నమ్మెడివారు. తూర్పు బెంగాలు తల్లులును అట్లే నమ్మిరి. నిజమునకు బిడ్డ ప్రాణము తీయునది విరేచనములు కావు. వానితో దేహమునుండి వెడలిపోవు నీరును, లవణములును. పోయినది తిరిగి చేరినచో బిడ్డ బ్రదుకును. చాలకాలము ఈ పని నరములోనికి సెలైను ఎక్కించుటవలననే సాధ్యమయ్యెడిది. అందుకు ఆసుపత్రి కావలెను, వైద్యుడు కావలెను. పల్లెలలో ఆ రెండును లేవు.

1968లో ఢాకాలోని కలరా పరిశోధనశాలలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ కాష్ అను యువవైద్యులు, ఉప్పును గ్లూకోజును తగుపాళ్లలో నీట కలిపి నోటిద్వారా త్రాగించినను రోగి కోలుకొనునని చూపిరి. మన ప్రేగులకు ఒక విచిత్ర గుణము కలదు. విరేచనములు పట్టినవేళ గూడ చక్కెర తోడుగా వచ్చినచో అవి ఉప్పును లోనికి గొనును. ఉప్పు వెంట నీరు పోవును. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమువలన తరలివచ్చిన కాందిశీకులతో పశ్చిమ బెంగాలులోని బొంగావ్ నిండిపోయి, సెలైను సీసాలు చాలకపోయినప్పుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణమునే పీపాలకెత్తి, రోగుల బంధువులచేతనే త్రాగింపజేసెను. అంతకుముందు నూటికి ముప్పదివరకు ఉండిన మరణములు నాలుగింటికి లోపుగా దిగినవి.

ఇంతకన్న నిదర్శన మేమి కావలెను? అయినను పిమ్మట చాల ఏండ్లు ఈ సంగతి పల్లెతల్లికి తెలియనే లేదు. క్రొత్తదానిని కనుగొనుటకు ధనమిచ్చువారు దొరకుదురు. కనుగొన్నదానిని గడపగడపకు చేర్చుటకు ఇచ్చువారు అరుదు. అది పేరు తెచ్చు పని కాదు గదా! బంగ్లాదేశ్‌లో ఆ పని ఎట్లు జరిగినదో చూతము.

1972లో ఫజలే హసన్ అబేద్ స్థాపించిన బ్రాక్ అను స్వచ్ఛంద సంస్థ 1979లో సుల్లా ప్రాంతమున ఒక ప్రయత్నము చేసెను. పొట్లములు కొనిపెట్టు స్తోమత పల్లెలకు లేదు, పంచుటకు దారులును లేవు. కనుక ప్రతి వంటింటను ఉండు వస్తువులనే ఎంచుకొనిరి: మూడు వ్రేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లము, అర్ధసేరు నీరు. ఉప్పు మితిమీరినచో బిడ్డకే ముప్పు. అందుచేత తల్లులు కలిపిన నీటిని సీసాలలో తెచ్చి పరిశోధనశాలలో పరీక్షించి చూచిరి. ఈ తొలి ప్రయత్నమునకు ధనమిచ్చినది బ్రిటనులోని ఆక్స్‌ఫాం.

1980లో విస్తరణ మొదలయ్యెను. దాతలు ఒక్కమారుగా మూట విప్పలేదు. కొన్ని జిల్లాలలో ఫలితము చూచిన పిదప స్విట్జర్లాండు, స్వీడను ప్రభుత్వ సహాయసంస్థలును, యునిసెఫ్‌యును చేరినవి. బోధించు స్త్రీల జీతము గూడ ఇదే పద్ధతిని నడచెను. వారు ఇంటింట తల్లిచేత ద్రావణము కలిపించి, ఏడు ముఖ్యవిషయములు నేర్పి పోయెడివారు. కొన్నివారముల తరువాత వేరొకరు వచ్చి, ఏరిన కొన్ని ఇండ్లలో తల్లులను ప్రశ్నించి, ద్రావణము కలుపుమనెడివారు. తల్లి ఎంత బాగుగ చెప్పి, చేసి చూపినచో బోధకురాలికి అంత ఎక్కువ సొమ్ము. తిరిగిన ఇండ్ల లెక్కకు గాక, తల్లికి వచ్చిన విద్యకు కూలి ఇచ్చుట నాకు మిక్కిలి నచ్చిన సంగతి.

ఇంతచేసినను మొదట పని సాగలేదు. తల్లులు పాఠము చక్కగా ఒప్పజెప్పిరి. బిడ్డకు జబ్బుచేసినప్పుడు మాత్రము నూటికి పదిమందియైనను ద్రావణము వాడలేదు. విచారింపగా, బోధించుచున్న స్త్రీలకే దానిపై నమ్మకము లేదని తేలెను! తమకు విరేచనములైనచో వారును మాత్రలకే పోయెడివారు. అప్పుడు వారిని పరిశోధనశాలకు కొనిపోయి, ఆ నీరు దేహములో ఏమి చేయునో చూపిరి. రెండవ లోపము పురుషులను విస్మరించుట. పిమ్మట సంతలలోను, మసీదులలోను, బడులలోను సభలు జరిపిరి. రేడియోలోను ప్రచారము సాగెను. వాడుక క్రమముగా పెరిగెను. 1990 నాటికి 1 కోటి 20 లక్షల ఇండ్లకు పైగా ఈ పాఠము చేరినది. తరువాత పొట్లములును సులభముగ దొరకజొచ్చినవి. 2014 నాటి సర్వేలో అతిసారము సోకిన పిల్లలలో సుమారు నాలుగింట మూడువంతులకు పొట్లపు ద్రావణము అందినట్లు తేలినది.

మెట్టుమెట్టుగా ధనమిచ్చు ఈ పద్ధతినే పిదప కొన్ని నిధులు నియమముగా గైకొన్నవి. అమెరికా సహాయసంస్థ 2010లో ఒక విభాగమును నెలకొల్పి, పరీక్షకు కొద్ది సొమ్ము, నెగ్గినచో ఎక్కువ, విస్తరణకు మరింత ఇచ్చునట్లు ఏర్పరచెను. 2014లో బ్రిటను, అమెరికా, స్వీడను, ఆస్ట్రేలియా ప్రభుత్వములు మొదలగువారు కలిసి ప్రపంచ ఆవిష్కరణ నిధిని నెలకొల్పిరి. కాని 2025లో అమెరికా తన సహాయసంస్థనే మూసివేసెను. దానిని నమ్ముకొని నడచుచుండిన పనులు పెక్కు నడుమనే ఆగిపోయినవి. బ్రాక్ బోధకురాండ్రు వెడలిన పిమ్మట పల్లెలకు ఆ ఇక్కట్టు లేకపోయెను. ఉప్పు, బెల్లము ఇంటివే. కలుపు విద్యయు తల్లిదే.

ఇక మన ఇండ్లమాట. ఇప్పుడు వైద్యులు చేతికొలత ద్రావణముకన్న పొట్లమునే మేలందురు. దానితో జింకు మాత్రలు గూడ కొన్నిదినములు ఇత్తురు. పొట్లముపై వ్రాసిన కొలత నీటిలోనే దానిని కలుపవలెను. నీరు తగ్గించినచో ఉప్పు హెచ్చును. కొంచెము కొంచెముగ, చెంచాతో పట్టవలెను; తల్లిపాలు ఆపరాదు. బిడ్డ త్రాగలేక మగతగా పడియున్నచో వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.