అద్దె యింటి నేల: అరుగుదల యెవరి బాధ్యత?

అద్దె యిల్లు విడుచు దినమున సామాను బండి కెక్కిన పిమ్మట, ఖాళీ గదిలో నిలిచి యింటి యజమానియు, అద్దెకున్నవారును తొలుత చూచునది నేలనే. ఇన్నాళ్లు మంచము క్రింద, బీరువా క్రింద దాగియున్న మచ్చలన్నియు ఆనాడు బయటపడును. "నేల పాడుచేసినారు, అడ్వాన్సు తిరిగి యియ్యను" అని యొకరు, "నడిచిన నేల అరుగదా?" అని యొకరు తగవులాడుదురు. కోటవురట్ల వంటి మండల కేంద్రమునకు బదిలీపై వచ్చి, మరల బదిలీపై పోవు చిన్న ఉద్యోగికి ఆ అడ్వాన్సు స్వల్పమైన సొమ్ము కాదు. యజమానికిని నేల మరల వేయించుట తేలిక కాదు.

మట్టి యిండ్లలో ఈ తగవునకు తావు తక్కువ. గుంట పూడ్చి, పేడనీటితో అలికి, ముగ్గు పెట్టినచో నేల మరల క్రొత్తదగును. సిమెంటు గచ్చు, నాపరాయి, మొజాయిక్, టైల్సు అట్లు కావు. ఒకసారి చెడినచో ఖర్చు తప్పదు.

ఈ విషయమున 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము, 108వ సెక్షనులో స్పష్టమైన మాట చెప్పినది. అద్దెదారు తాను పుచ్చుకొన్ననాటి స్థితిలోనే యింటిని తిరిగి అప్పగింపవలెను. అయితే సహజమైన వాడుకవలన కలిగిన అరుగుదలకును, ఎదిరింపరాని శక్తివలన కలిగిన మార్పునకును అతడు బాధ్యుడు కాడు. ఒడంబడికలో గాని, స్థానికాచారములో గాని వేరు నియమమున్నచో అది వర్తించును. కావున సంతకమునకు ముందు ఒడంబడికను చదువవలెను.

అరుగుదల యేది, నష్టమేది? అరుగుదల మెల్లగా, నడక సాగిన దారి పొడవున కలుగును. గడపయొద్ద గచ్చు నునుపెక్కుట, పొయ్యి ముందు మొజాయిక్ రంగు తగ్గుట ఇట్టివి. నష్టము ఒకచోట, ఒక చేతవలన కలుగును. గచ్చుపై కట్టెలు చీల్చుట, ఇనుప బీరువాను ఈడ్చి గీతలు పెట్టుట, యాసిడ్ పోసి రాతిని తినివేయించుట ఇట్టివి. క్రింది పరుపు సరిగా లేక టైల్సు లేచినను, నేలనుండి చెమ్మ యెక్కినను ఆ లోపము కట్టడముది. దానిని అద్దెదారుపై మోపరాదు.

నష్టము అద్దెదారుదే యైనను, క్రొత్త నేల వెల యంతయు అడుగుట న్యాయము కాదు. ఉదాహరణమునకు, వంటగది నేలకు 12,000 రూపాయలు వ్యయమగుననియు, అది 20 ఏండ్లు నిలుచుననియు అనుకొందము. 15 ఏండ్లు గడచిన పిమ్మట అద్దెదారువలన చెడినచో, మిగిలిన ఆయువు నాలుగవ వంతే. కాబట్టి 3,000 రూపాయలు తగిన పరిహారము. రెండు పలకలే పగిలినచో ఆ రెండింటి మేరకే లెక్క. ఈ గణనము చట్టములో వ్రాసినది కాదు. ఇరువురును ఒప్పుకొనదగిన మార్గము మాత్రమే.

కేంద్ర మంత్రివర్గము 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టము, నివాసగృహములకు అడ్వాన్సు రెండు నెలల అద్దెను మించరాదని చెప్పినది. అద్దెదారు చేసిన నష్టము తప్ప తక్కిన కట్టడపు మరమ్మతులను యజమానికే విడిచినది. అది రాష్ట్రములకు నమూనా యే గాని, తనంత తాను ప్రతి యింటికి వర్తించునది కాదు.

తగవు రాకుండ చేయు ఉపాయము సులభమైనది. ఇంట చేరు దినముననే ఇరువురును గది గది తిరిగి, పగుళ్లను, మచ్చలను కాగితముపై వ్రాసి, సంతకములు చేసి చెరియొక ప్రతి ఉంచుకొనవలెను. ఫోనులో తేదీతో ఛాయాచిత్రములు తీసినచో మరింత మేలు. నడుమ పలక లేచినచో, గొట్టము కారినచో వెంటనే వ్రాతమూలముగ యజమానికి తెలుపవలెను. అద్దెదారు తప్పువలన కలిగిన లోపమును చూపి యజమాని నోటీసు ఇచ్చినచో, మూడు నెలలలో దానిని సరిచేయు బాధ్యత అద్దెదారుపై గలదు.

విడిచిపోవునాడు ఆ కాగితమునే మరల చేతబట్టి నేలను చూచినచో, గొంతు పెంచవలసిన పనియుండదు. కాపురమున్న నేల కొంత అరుగును. ఆ అరుగుదలకు ప్రతిఫలము నెలనెలకు చెల్లించిన అద్దెలోనే చేరియున్నది.