శిక్షణ పత్రములు అమ్మువారు, కొనువారు

ఇల్లందు, పినపాక, మణుగూరు ప్రాంతముల కోయగూడెములు మొదలుకొని ఆసిఫాబాదు వైపు గోండుగూడెముల వరకు ఒక మాట కార్చిచ్చువలె వ్యాపించియున్నది. గనిపనిలో శిక్షణ పొందినట్లు పత్రమొకటి చేతనున్నచో చాలుననియు, సింగరేణి బొగ్గుగనులలో కొలువు దానంతట అదే వెదకికొనుచు వచ్చుననియు, ఆలస్యమైనచో స్థానములు నిండిపోవుననియు ఆ మాట సారాంశము. దీనిని నమ్మి దుక్కిటెద్దులను తెగనమ్మినవారు, పట్టా వచ్చిన పోడుచెక్కను వడ్డీవ్యాపారి చేతిలో పెట్టినవారు, పత్రమును ప్లాస్టిక్ కవరులో భద్రపరచుకొని సంవత్సరముల తరబడి పిలుపునకై ఎదురుచూచుచు చదువును సయితము విడిచిన యువకులు కలరు. ఉద్యోగములిప్పింతుమని ధనము గుంజు దళారులను నమ్మవలదని సింగరేణి యాజమాన్యము పలుమార్లు ప్రకటించినను ఆ ప్రకటనలు పట్టణముల గోడలు దాటి గూడెము చేరినట్లు తోచదు. దళారి మాత్రము వారమునకొకసారి మోటారుసైకిలుపై చేరుచునే యున్నాడు.

ఈ వదంతిలోని ప్రధానదోషము అబద్ధమాడుట మాత్రమే కాదు, క్రమమును తలక్రిందులు చేయుట. 1952 నాటి గనుల చట్టమును అనుసరించి 1966లో వెలువడిన వృత్తిశిక్షణ నియమములను చూచినచో, గనిలో పనికి ఎన్నుకొనబడిన వ్యక్తిని పనిలో దించుటకు మునుపు అతనికి ప్రాథమికశిక్షణ ఇప్పించుట గని యజమానికి విధింపబడిన బాధ్యత యని స్పష్టమగును. అనగా ముందు ఎంపిక, పిదప వైద్యపరీక్ష, తరువాత శిక్షణ, ఆ మీదట గనిప్రవేశము. సింగరేణి కార్మికులు వీటీసీ యని పిలుచు శిక్షణకేంద్రము ఇందుకొరకే యున్నది. అందు చేరుటకు ఏ గిరిజనుడును ఎద్దులనమ్మ నక్కరలేదు, ఖర్చు భరింపవలసినవాడు యజమానియే గనుక. ఆ శిక్షణలో నేర్పునదియు ఉద్యోగార్హత కాదు, ప్రాణరక్షణము: పైకప్పు ఊడిపడు సూచనలను గుర్తించుట, విషవాయువు జాడ తెలిసికొనుట, ప్రమాదవేళ ఏ దారిన బయటపడవలెనో ఎరుగుట మొదలైనవి. పాత కార్మికుడు సయితము అయిదేండ్లకొకమారు దానిని పునశ్చరణ చేయవలసియుండును. ఇట్టి శిక్షణకు పత్రమును ముందుగనే విక్రయించుట "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్న సామెతకు చక్కని వ్యాఖ్యానము.

గనులలో నిజముగా విలువగల పత్రములు లేవా యన్నచో, కలవు. సర్దారు, ఓవర్‌మన్, సర్వేయరు, రెండవ తరగతి మేనేజరు, మొదటి తరగతి మేనేజరు అను మెట్లకు వేర్వేరు యోగ్యతాపత్రములు కలవు. వాటిని గనుల భద్రతా ప్రధానాధికారి కార్యాలయము, అనగా ధన్‌బాదులోని డీజీఎంఎస్, పరీక్ష జరిపి ప్రసాదించును. ఆ పరీక్షకు కూర్చుండుటకు గనిలో నిర్ణీతకాలము పనిచేసిన అనుభవమును, పత్రమునుబట్టి గనుల శాస్త్రములో డిప్లొమా వంటి చదువును కావలెను. సర్దారు, ఓవర్‌మన్ పత్రములకైనచో గ్యాస్ టెస్టింగు, ప్రథమచికిత్స పత్రములును అవసరము. ధన్‌బాదు ముద్రగల పత్రము సయితము అర్హతను మాత్రమే చాటును గాని కొలువును ప్రసాదింపదు. కొలువునకు ప్రకటన వెలువడవలెను, పరీక్ష వ్రాయవలెను, రిజర్వేషను క్రమములో పేరు రావలెను. ఇంతటి పత్రమునకే లేని మహిమ, బస్‌స్టాండు పక్కన మేడమీద గదిలో నాలుగు వారములు కూర్చుండి పొందిన కాగితమునకు ఎట్లబ్బునో ఆ గది యజమానియే చెప్పవలెను.

వదంతి కేవలము గాలిలో పుట్టలేదని మాత్రము గ్రహింపవలసియున్నది. 2013 నాటి భూసేకరణ చట్టములోని రెండవ అనుబంధములో, ప్రాజెక్టు వలన ఉద్యోగములు ఏర్పడునప్పుడు, బాధిత కుటుంబములకు తగిన శిక్షణ ఇప్పించిన పిమ్మట కుటుంబమునకొకరికి ఉద్యోగము, లేదా ఏకమొత్తముగ 5 లక్షల రూపాయలు, లేదా 20 సంవత్సరముల పాటు నెలకు 2,000 రూపాయలకు తక్కువ కాని భృతి, ఈ మూటిలో ఒకదానిని కోరుకొను అవకాశము చెప్పబడినది. బొగ్గుభూములను సేకరించు 1957 నాటి ప్రత్యేక చట్టమునకును ఈ పునరావాస భాగమును 2015లో వర్తింపజేసిరి. శిక్షణ, ఉద్యోగము అను రెండు మాటలు చట్టములో ఒక్కచో కనబడునది ఇచ్చటనే. దళారి పట్టుకొన్నదియు ఈ కొసనే. అయితే ఆ హక్కు భూమి కోల్పోయి భూసేకరణ అవార్డులో పేరెక్కిన కుటుంబమునకు చెందును గాని, పొరుగు మండలమునుండి లక్షలు చెల్లించి వచ్చినవానికి చెందదు. అవార్డులో పేరున్నవానికి పత్రము కొననక్కరలేదు. పేరు లేనివానికి కొన్నను ప్రయోజనము లేదు.

2015లో ఖనిజచట్టమును సవరించి ఏర్పరచిన జిల్లా ఖనిజనిధి సంగతియు ఇట్టిదే. గనుల లీజుదారులు రాయల్టీపై అదనముగ, పాత లీజులకు దానిలో 30 శాతము, వేలములో పొందిన లీజులకు 10 శాతము చొప్పున, ఆ నిధికి చెల్లింతురు. ఆ ధనమును వెచ్చింపదగిన ప్రాధాన్యాంశములలో త్రాగునీరు, వైద్యము, విద్యలతోపాటు నైపుణ్యశిక్షణయు కలదు. అందుచే ఆ నిధితో జరుగు ఉచితశిక్షణలు సత్యమే, ఉపయుక్తములే. అందు నేర్చిన వెల్డింగో, భారీవాహనముల మరమ్మతో, విద్యుత్పనియో గని వెలుపల కూడ కూడు పెట్టును. గనిలో కొలువు నిచ్చునని ఆ పథకములో ఎచ్చటను వ్రాసిలేదు.

ఇక రెండవ అపోహ మొదటిదానికి సరిగా ఎదురుదిక్కున నిలిచి అంతటి హానియే చేయుచున్నది. శిక్షణకు పేరిచ్చి హాజరుపట్టీలో సంతకము చేసినచో ఊరు భూమినిచ్చుటకు ఒప్పుకొన్నట్లేయని కొన్ని గూడెముల పెద్దల భయము. ఈ భయముతో ఉచితశిక్షణకు సయితము పిల్లలను పంపనివారు కలరు. వ్యక్తి సంతకము ఊరి సమ్మతి కానేరదు. 2013 చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో గ్రామసభ పూర్వసమ్మతిని కోరుచున్నది. సభ కూడవలెను, చర్చ జరుగవలెను, తీర్మానము వ్రాయబడవలెను. సుప్రీంకోర్టు ఆదేశముపై 2013లో ఒడిశాలోని నియమగిరి చుట్టునున్న 12 గ్రామసభలు కూడి బాక్సైటు తవ్వకమును ఏకగ్రీవముగ త్రోసిపుచ్చిన సంగతి లోకవిదితము. మన ప్రాంతమున 1997 నాటి సమత తీర్పు, గిరిజనేతరులకు భూబదలాయింపును నిషేధించు 1/70 నిబంధనలో ప్రభుత్వము కూడ గిరిజనేతర వ్యక్తిగనే లెక్కింపబడునని నిర్ణయించి, షెడ్యూల్డు ప్రాంతపు భూములలో గిరిజనేతరులకిచ్చిన గనుల లీజులు చెల్లవన్నది. అయినను ఒక చేదునిజమును దాచిన ప్రయోజనము లేదు: బొగ్గుభూములను 1957 చట్టము క్రింద సేకరించునప్పుడు ఆ పూర్వసమ్మతి నిబంధన వర్తింపదు. అచ్చట మీ పిల్లవాని సంతకమును ఎవ్వరును సమ్మతిగా వాడుకొననక్కరలేదు, సమ్మతినే అడుగరు గనుక! పోరాడవలసినది పరిహారము, పునరావాసము, అటవీహక్కుల గుర్తింపుల విషయమున, హాజరుపట్టీతో కాదు.

మరికొన్ని అపోహలును కలవు. గిరిజనులకు యంత్రవిద్య అబ్బదన్నది జవాబునకు కూడ తగని మాట. స్త్రీలు భూగర్భములోనికి దిగరాదన్నది 2019 వరకు చట్టమే, నేడు అపోహ: ఆ యేట జనవరిలో కేంద్రము సాంకేతిక, పర్యవేక్షక, నిర్వాహక పనులలో పగటివేళ వారిని అనుమతించినది, 2021లో జార్ఖండులోని చూరి భూగర్భగనిలో మహిళా ఇంజనీరు ఒకరు బాధ్యతలు స్వీకరించినారు. ఊరి పొలిమేరలో డ్రిల్లింగు యంత్రము నిలిచినచో మరుసటి యేడు గని తెరచుకొనునన్నది మరొకటి; అన్వేషకులు తీసిన రాతికోరు పెట్టెలలో అత్యధికభాగము గనిగా మారకుండనే గోదాములలో నిదురించును. ఏజెన్సీలో, అనగా షెడ్యూల్డు ప్రాంతములో, గని గనుక ఉద్యోగములన్నియు చట్టప్రకారము మనవేయనువారు, ఏజెన్సీ ఉపాధ్యాయోద్యోగములలో నూటికి నూరు రిజర్వేషనును 2020లో సుప్రీంకోర్టు కొట్టివేసినదని ఒకమారు స్మరింతురు గాక.

ఒక్క నమ్మకమును మాత్రము త్రోసివేయుటకు మనసొప్పినను లెక్కలొప్పుట లేదు. "ఎంత నేర్చినను చివరకు కాంట్రాక్టరు దగ్గర కూలియే" యని యువకులు నిట్టూర్చుట నాకు మొదట నిరాశావాదముగ తోచినది. కాని 1990ల తొలినాళ్లలో లక్ష దాటియున్న సింగరేణి ఉద్యోగుల సంఖ్య నేడు 40,000 దరిదాపులకు తగ్గినది. బొగ్గులో అధికభాగము ఓపెన్‌కాస్టులనుండియే వచ్చుచున్నది. అచ్చట పైమట్టి తొలగించు పని చాలవరకు కాంట్రాక్టు సంస్థలది. ఉద్యోగములే కుంచించుకొనిపోవుచుండగా శిక్షితుల సంఖ్యను పెంచుచు పోవుట ఎవరి మేలునకో శిక్షణ పథకములను రచించినవారు ఆలోచింపవలెను. కావున ఈ నిట్టూర్పును అపోహ యనుటకు వీలులేదు. అతిశయోక్తి యని మాత్రము అనవచ్చును. ఫిట్టరు, ఎలక్ట్రీషియను, భారీవాహన చోదకుడు వంటివారికి కాంట్రాక్టరు వద్దనైనను వేతనము మేలు, బేరమాడు శక్తి మేలు.

అట్టి పనిలో చేరువారు మొదట చూచుకొనవలసినది గనిలోని పనివారి రిజిస్టరులో తమ పేరున్నదా యన్నది. పిదప వైద్యపరీక్ష జరిగినదా, బొగ్గుగనుల భవిష్యనిధి సంఖ్య ఇచ్చినారా యన్నవి. వైద్యపరీక్ష కాగితపు నకలు దాచుకొనుడు. రేపు ఊపిరితిత్తులు చెడినచో మీరు ఆరోగ్యముగనే గనిలో దిగితిరనుటకు అదియే సాక్ష్యము. పదునెనిమిదేండ్లు నిండని పిల్లవానిని వయసు దిద్ది పంపవలదు. చదువుకొనదలచినవారు గనుల డిప్లొమానో, ఐటీఐయో ఎన్నుకొనుడు. రెండవది గని మూతపడినను పనికివచ్చును.

ఇదివరకే ధనము చెల్లించినవారు ఫోనులో పంపిన సొమ్ముకు సంబంధించిన సందేశములను చెరపక, పత్రముతోసహా ఠాణాకు వెళ్లి మోసమును గూర్చి ఫిర్యాదు చేయవలెను. నేటి న్యాయసంహితలో దీనికి 318వ సెక్షను కలదు. ఫిర్యాదు చేసినచో రావలసిన ఉద్యోగము కూడ చెడిపోవునని దళారి బెదరించును. రావలసిన ఉద్యోగమే లేదు.