జాడీ అడుగున మిగిలిన ఊట

ఆవకాయ కలిపిన బేసిన్‌లో వేడి వేడి అన్నం వేసి, అంచులకు అంటిన కారం, నూనె అంతా వచ్చేలా కలిపి, పిల్లల చేతుల్లో తలా ఒక ముద్ద పెట్టడం తెలుగునాట ఇంటింటా ఉన్నదే. హిందువుల ఇల్లని, ముస్లింల ఇల్లని ఇందులో తేడా లేదు. ఆ బేసిన్‌ను నీళ్లు పోసి ఊరికే కడిగేసే ఇల్లాలిని మేము ఇంతవరకూ చూడలేదు. కానీ అదే ఇల్లాలు ఏడాది తిరిగేసరికి నిమ్మకాయ జాడీ అడుగున మిగిలిన ఊటను మాత్రం "ముక్కలు అయిపోయాయి కదా, ఇంకెందుకు" అంటూ సింకులో ఒంపేస్తోంది. ఈ శుక్రవారం ఆ ఊట గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఊట అంటే ఏమిటో పెద్దవాళ్లకు చెప్పనక్కర్లేదు. కొత్తగా కాపురానికి వచ్చి, కొన్న పచ్చళ్లతో సరిపెట్టుకుంటున్న అమ్మాయిల కోసం చెబుతున్నాం. మాగాయ పెట్టేటప్పుడు చెక్కు తీసిన మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి మూడు రోజులు జాడీలో ఉంచుతాం. మూడోనాడు మూత తీసి చూస్తే ముక్కలు నీళ్లలో మునిగి ఉంటాయి. మనం ఒక్క చుక్క నీరు పోయలేదు. అదంతా ముక్కల్లోంచి ఉప్పు బయటికి లాగిన నీరే. అలా లాగేటప్పుడు కాయలోని పులుపును, వాసనను కూడా వెంట తెచ్చుకుంటుంది. నిమ్మకాయకూ, ఉసిరికాయకూ ఇదే పద్ధతి. అందుకే గ్లాసుడు నీళ్లలో గుప్పెడు ఉప్పు కలిపితే అది ఉప్పునీళ్లే అవుతుంది తప్ప ఊట కాదు. ఊటలో ఉప్పుతోపాటు కాయ కూడా ఉంది.

అలాంటిదాన్ని పారబోయడానికి మనసెలా వస్తుందన్నది మా ప్రశ్న. దివ్యఖురాన్‌లోని అరాఫ్ సూరా 31వ ఆయతు తినమని, తాగమని అనుమతిస్తూనే దుబారాను వారించింది. దుబారా అనగానే మనకు పెళ్లి విందుల్లో చెత్తకుప్పల పాలయ్యే బిర్యానీ గుర్తుకొస్తుంది గానీ, మన వంటింటి సింకు గుర్తుకు రాదు.

ఇక వంటల సంగతి. జ్వరం తగ్గి లేచినవాళ్లకు, దుఃఖంలో ఉన్నవాళ్లకు మెత్తగా, వెచ్చగా ఏదైనా వండిపెట్టడం మన సంప్రదాయంలో చాలా పాతది. తమ బంధువుల్లో ఎవరైనా మరణిస్తే హజ్రత్ ఆయిషా (ర) తల్బీనా అనే జావ వండించేవారని, అది రోగి గుండెకు ఊరట ఇస్తుందని దైవప్రవక్త (స) చెప్పగా విన్నానని ఆమె అనేవారని సహీహ్ బుఖారీలో ఉంది. అక్కడి బార్లీ జావ స్థానంలో మన ఇళ్లలో ఉన్నది ఖిచ్డీ. హైదరాబాద్ వైపు పొద్దున పూట ఖిచ్డీ, ఖీమా, ఖట్టా కలిపి తినడం మామూలే. జ్వరపడి లేచినవాళ్లకు ఖీమా సహించదు. చింతపండు, నువ్వులతో చేసే ఖట్టా కూడా వాళ్ల కడుపుకు బరువే. నాలుక చప్పబడి, ఏది పెట్టినా "వద్దు" అనే ఆ రోజుల్లోనే నిమ్మకాయ ఊట ఆదుకుంటుంది.

మేము చేసే విధానం ఇది. గ్లాసుడు బియ్యం, అర గ్లాసు ఎర్ర కందిపప్పు, అదే మసూర్ దాల్, కడిగి ఆరు గ్లాసుల నీళ్లలో పసుపు, జీలకర్ర, చిన్న అల్లం ముక్క వేసి జారుగా ఉడికిస్తాం. ఉప్పు వేయం. పొయ్యి మీద నుంచి దించి, ఆవిరి కాస్త తగ్గాక ఒక చెంచాడు ఊట కలిపి రుచి చూస్తాం. చాలకపోతే మరో అర చెంచా. పైన నెయ్యి. ఊటను మరిగే గిన్నెలో పోస్తే ఉప్పూ పులుపూ మిగులుతాయి గానీ, నిమ్మతొక్క వాసన ఆవిరితో పోతుంది. ఆ వాసన కోసమే కదా మనం ఇదంతా చేస్తున్నది!

పప్పు ఉడకకముందు ఊట వేయకూడదన్న మాట గట్టిగా చెప్పాలి. ఇది మేము అనుభవం మీద నేర్చుకున్నాం. ఒకసారి ఇంటికి చుట్టాలు వచ్చారు. బగారా అన్నంలోకి దాల్చా చేయాలనుకుని, కొత్త ఉత్సాహంలో శనగపప్పు, మాంసం, సొరకాయ ముక్కలతోపాటే గరిటెడు మామిడి ఊట కూడా పోసేశాం. గంటన్నర ఉడికినా పప్పు పలుకు పలుకుగానే ఉంది. పులుపు తగిలిన పప్పు త్వరగా మెత్తబడదు. ఆలుగడ్డదీ అదే వరస. పైగా ఊటలో ఉప్పుందన్న సంగతి మరిచి, అలవాటు కొద్దీ ఉప్పు కూడా వేశాం. మా మామయ్య దస్తర్‌ఖాన్ మీద కూర్చుని ఒక్క మాట అనకుండా తిన్నారు. ప్రవక్త (స) ఏనాడూ అన్నానికి వంక పెట్టలేదన్న హదీసు ఆయనకు బాగా తెలుసు. కాకపోతే మూడు గ్లాసుల నీళ్లు తాగారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. ఊట వేసే వంటలో ఉప్పు డబ్బా ముట్టుకోం. ఊట చాలకపోతే అప్పుడు చూసుకుంటాం.

ఊట అసలు విలువ తెలిసేది షోర్బాలో. కూర వండితే నీళ్లు కాస్త ఎక్కువ పోసి ఇరుగుపొరుగును కూడా చూసుకోమని ప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (ర)కు బోధించిన సంగతి సహీహ్ ముస్లింలో ఉంది. జుమా ప్రసంగాల్లో మనం తరచూ వినే హదీసే. అయితే వంట చేసే చేతికి అందులో ఉన్న చిక్కు తెలుసు. అర కిలో మాంసంలో రెండు చెంబుల నీళ్లు ఎక్కువ పోస్తే షోర్బా పలచబడుతుంది. రుచి తగ్గిన గిన్నెను పక్కింటికి పంపడానికి చేయి రాదు. ఉప్పూ కారం పెంచితే ఉప్పూ కారమే తెలుస్తాయి. అలాంటప్పుడు దించే ముందు ఒకటి రెండు చెంచాల ఉసిరి ఊటో, మామిడి ఊటో వేసి చూడండి. పులుపు తగలగానే అడుగున ఉన్న మాంసం రుచి పైకి తేలుతుంది. నలుగురికి వండింది ఆరుగురికి సరిపోయి, పక్కింటికి ఒక గిన్నె వెళుతుంది. ధరలు మండుతున్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

కూర అసలే లేని పూట సంగతి కూడా చెప్పుకోవాలి. ఒకనాడు ప్రవక్త (స) ఇంట్లో రొట్టెలోకి నంజుకోవడానికి ఏముందని అడిగితే సిర్కా తప్ప మరేమీ లేదన్నారట. ఆయన దాన్నే తెప్పించుకుని, మెచ్చుకుంటూ తిన్నారని హజ్రత్ జాబిర్ (ర) ఉల్లేఖించారు. వేడి అన్నం, నెయ్యి, చెంచాడు మాగాయ ఊట, పక్కన ఉల్లిపాయ ఉంటే మన పిల్లలకూ ఆ పూట గడుస్తుంది. మూతి ముడుచుకునే పిల్లలకు ఈ సంగతి కథగా చెప్పి చూడండి.

పచ్చడి ఊట కాకుండా, మాంసాన్ని ఉత్త ఉప్పునీళ్లలో నానబెట్టే పద్ధతి ఒకటుంది. కోడిమాంసం వేయిస్తే పీచులా ఎండిపోతోందని చాలామంది అంటుంటారు. లీటరు నీళ్లలో 50 గ్రాముల ఉప్పు కరిగించి, ముక్కలు మునిగేలా గంటసేపు, మహా అయితే రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. ఉప్పు మాంసంలోకి దిగి దాని కట్టును కాస్త వదులు చేస్తుంది. అందువల్ల వేయించేటప్పుడు లోపలి నీరు అంతగా కారిపోదు. తర్వాత నీళ్లు వంపేసి, ముక్కల తడి ఆరనిచ్చి మసాలా పట్టించుకోవచ్చు. ఆ మసాలాలో మళ్లీ ఉప్పు వద్దు. రొమ్ము మాంసానికి ఇది బాగా పనిచేస్తుంది. ముదురు మేకమాంసానికి దీనివల్ల ఒరిగేది తక్కువ. దానికి కావలసింది సన్నని సెగ, ఓపిక. నానబెట్టే నీళ్లలో నిమ్మ ఊట కూడా కలుపుతామంటే అరగంట చాలు. పులుపులో ఎక్కువసేపు ఉంటే పైపొర పిండిపిండిగా అవుతుంది.

ఇక్కడ రెండు మాటలు. మాంసం హలాల్ కావడానికి ఉప్పునీళ్లలో నానబెట్టాలని కొందరు పొరబడుతుంటారు. అలాంటి నియమం లేదు. ఇది రుచి కోసం చేసే పని మాత్రమే. రెండోది, పచ్చి మాంసం నానిన నీళ్లను మాత్రం నిస్సంకోచంగా పారబోయండి. దాచి మళ్లీ వాడటం, కూరలో పోయడం ప్రమాదం. దుబారా కూడదన్నాం కదా అని జబ్బు తెచ్చుకోమని కాదు. అలాగే బూజు పట్టిన ఊటను, వాసన మారిన ఊటను కూడా ఉంచవద్దు. మంచి ఊటనైతే గాజు సీసాలో పోసి, తడి చెంచా తగలనివ్వకుండా ఫ్రిజ్‌లో ఉంచితే సరిపోతుంది. అల్యూమినియం గిన్నెలో పెట్టారో, ఉప్పూ పులుపూ కలిసి గిన్నెను తినేస్తాయి.

రంజాన్‌లో ఇఫ్తార్ శనగలు కూడా ఇలాగే. ముందురోజు రాత్రి నానబోసేటప్పుడే లీటరు నీళ్లకు 15 గ్రాముల ఉప్పు వేస్తే పొట్టు మెత్తబడి సమంగా ఉడుకుతాయి. అయితే సహరీలో ఊట కలిపిన వంటలు పెట్టకండి. పగలంతా దాహంతో అల్లాడాలి.

ఇంతవరకూ చెప్పినదంతా ఆరోగ్యంగా ఉన్నవారి కోసం. బీపీ ఉన్నవారి విషయంలో మేము చేసిన పొరపాటు మరొకరు చేయకూడదని దీన్ని కూడా రాస్తున్నాం. మా నానీమాకు బీపీ పెరిగి డాక్టరు గారు ఉప్పు బాగా తగ్గించమన్నారు. ఇంట్లో ఉప్పులేని వంట మొదలుపెట్టాం. రెండు రోజులు తిన్నారు. మూడోరోజు నుంచి "ఆకలి లేదు బేటా" అనడం మొదలైంది. వారంలో మనిషి సగమయ్యారు. అప్పుడు మాకు ఊట గుర్తుకొచ్చింది. ఉప్పు వేయలేదు, ఊటే కదా వేశామని మాకు మేమే సర్దిచెప్పుకుని ఖిచ్డీలో కలిపి పెట్టాం. ఆవిడ పళ్లెం ఖాళీ చేసి, "ఇంకొంచెం ఉందా?" అన్నారు. మా సంతోషం చెప్పలేం. పది రోజులు తిరక్కముందే పాదాలు వాచాయి. ఏం పెడుతున్నారని డాక్టరు గారు ఒక్కొక్కటే అడుగుతూ వచ్చి ఊట దగ్గర ఆగిపోయారు. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అంటే చిన్న చెంచాడు. పచ్చడి, అప్పడం, బ్రెడ్డు, ఊట అన్నిట్లోనూ కలిపి అంతే. ఉప్పు ఏ రూపంలో వెళ్లినా ఒంటికి ఉప్పే. పేరు మార్చి మనల్ని మనం మభ్యపెట్టుకున్నాం, అంతే.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. ఖిచ్డీ ఉడకగానే నానీమా వాటా ముందుగా వేరే గిన్నెలోకి తీస్తాం. అందులో తాజా నిమ్మరసం, వేయించిన జీలకర్ర పొడి, సన్నగా తరిగిన కొత్తిమీర, కాస్త నెయ్యి. మొదట్లో ఆవిడకు నచ్చలేదు. నిమ్మతొక్కను తురిమి వేయడం మొదలుపెట్టాక కొంత దారికొచ్చారు. తొక్కలోనే ఆ వాసన ఉంది మరి. ఊట మిగతావాళ్ల గిన్నెలోకి ఆ తర్వాత వెళుతుంది. బీపీ, మూత్రపిండాల జబ్బు, గుండెజబ్బు ఉన్నవారు ఇంట్లో ఉంటే డాక్టరును అడగకుండా ఊట పెట్టవద్దు. ఉప్పుకు బదులని అమ్మే ప్రత్యేకమైన ఉప్పులు కూడా అడగకుండా వాడకూడదు. వాటిలో ఉండే పొటాషియం మూత్రపిండాల జబ్బున్నవారికి చేటు.

నిమ్మకాయలు ఊరబెట్టిన రోజుల్లో నానీమా ఇప్పటికీ వంటింట్లోకి వచ్చి జాడీ మూత తీస్తారు. ఊట ఎంత ఊరిందో చూసి, ఒకసారి వాసన పీల్చి, మూత పెట్టేసి, "ఈసారి బాగా కుదిరింది, పక్కింటివాళ్లకు కూడా ఒక సీసా పంపండి" అని చెప్పి వెళతారు.