సి కోడ్ మార్చినా పైతాన్‌కు ఎందుకు తెలియదు?

నువ్వు రాస్తున్న ప్యాకేజీని ‘ఎడిటబుల్’గా ఇన్‌స్టాల్ చేశావనుకో. అంటే నకలు తీయకుండా, నీ ఫోల్డరు ఎక్కడుందో పైతాన్‌కు దారి చూపించడం. పైతాన్ ఫైల్లో ఒక లైను మార్చి మళ్లీ నడిపితే మార్పు కనిపిస్తుంది. సి భాషలో రాసిన లైను మారిస్తే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. ఒక్కోసారి మాడ్యూలే లేదని ఎర్రర్ కూడా వస్తుంది! ఎందుకలా?

దమ్మపేట పామాయిల్ తోటలు చూశావుగా. గెలలు అప్పారావుపేట ఫ్యాక్టరీకి వెళితేనే నూనె వస్తుంది. ఇవాళ కొత్త గెల కోసినంత మాత్రాన నిన్న డబ్బాలో పోసిన నూనె మారదు. సి కోడ్ ఆ గెల లాంటిది. కంపైలర్ అనే ప్రోగ్రామ్ దాన్ని ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చి వేరే ఫైలు తయారుచేస్తుంది. పైతాన్ తెరిచేది ఆ ఫైలునే. మళ్లీ కంపైల్ చేయకపోతే పాతదే నడుస్తుంది. ఫైలే లేకపోతే ఎర్రర్.

ఇంకో చిక్కు ఉంది. పైతాన్ 3.11 కోసం తయారైన ఫైలు పేరులో సాధారణంగా 311 అని ఉంటుంది. 3.12కు మారితే, ఎదురుగా ఉన్నా పైతాన్ దాన్ని పట్టించుకోదు.

నంపై ప్యాకేజీ 2023లో మెసాన్ అనే నిర్మాణ పద్ధతికి మారింది. ఈ పద్ధతిలో ఎడిటబుల్‌గా ఇన్‌స్టాల్ చేసుకుంటే, ఇంపోర్ట్ చేసేటప్పుడే మారిన సి ఫైళ్లు కంపైలవుతాయి. ఎంత చక్కని ఏర్పాటో! కానీ కంపైల్ చేసే పనిముట్లు అప్పుడు అందుబాటులో ఉండాలి. ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పిప్ అనే ప్రోగ్రామ్ మామూలుగా వాటిని తాత్కాలిక చోట పెట్టి, పని కాగానే తీసేస్తుంది. అందుకే వాటిని ముందే నీ దగ్గర ఇన్‌స్టాల్ చేసుకుని, ‘నో బిల్డ్ ఐసొలేషన్’ అని పిప్‌కు చెప్పాలి.

మార్చాక, నడుస్తున్న పైతాన్‌ను మూసి మళ్లీ తెరువు. ఒకసారి తెరిచిన సి మాడ్యూల్‌ను అది మధ్యలో మార్చుకోదు.