నూర్పిళ్ళకు ముందే పాత ట్రాక్టరుకు క్లచ్ పరీక్ష

పి.టి.ఓ. ఆగకపోతే ప్రాణాలకే ముప్పు

నూర్పిళ్ళ కాలం దగ్గరపడిందంటే ట్రాక్టరు షెడ్ల ముందు పాత బళ్ళు బారులు తీరుతాయి. వరికి కోత మిషన్లు వచ్చినా మొక్కజొన్న, జొన్న, మినుము, శనగ నూర్పిడి మాత్రం చాలా గ్రామాల్లో ఈనాటికీ ట్రాక్టరుకు తగిలించిన మిషను మీదనే సాగుతున్నది. ఆ మిషనును తిప్పేది ట్రాక్టరు వెనుక ఉండే పి.టి.ఓ. షాఫ్టు. డబుల్ క్లచ్ ఉన్న పాత బళ్ళలో ఆ షాఫ్టును నడిపేదీ, ఆపేదీ క్లచ్చే. ఏళ్ళ తరబడి దమ్ములోనూ, లోడులోనూ నలిగిన బండిలో ఆ క్లచ్ ఎప్పుడు మొండికేస్తుందో చెప్పలేం.

షెడ్డుకు వచ్చే రైతులు చెప్పే ఫిర్యాదులు ముఖ్యంగా రెండు. మిషనులో గింజ వేయగానే ఇంజను మోత పెరుగుతుంది కాని డ్రమ్ము వేగం పడిపోతుంది, మాడిన వాసన వస్తుంది. ఇది మొదటిది. పెడలు చివరిదాకా తొక్కినా వెనుక షాఫ్టు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ఇది రెండవది. మొదటి దానివల్ల డీజిలు, సమయం దండగ. రెండవ దానివల్ల మనుషులకే ప్రమాదం.

ఒకే పెడలు, రెండు పనులు

పూర్వపు ట్రాక్టర్లలో క్లచ్ ప్లేటు ఒక్కటే ఉండేది. పెడలు తొక్కితే చక్రాలూ, పి.టి.ఓ. రెండూ ఆగిపోయేవి. గేరు మార్చవలసి వస్తే వెనుక మిషను కూడా నిలిచిపోయేది. ఈ ఇబ్బంది తీర్చడానికి వచ్చినదే డబుల్ క్లచ్. 1956లో ఇంగ్లండులో వచ్చిన ఫెర్గూసన్ 35 ట్రాక్టరులో ఈ డబుల్ క్లచ్ ఉన్న రకం కూడా ఉండేది. తరువాత మన దేశంలో తిరిగిన పలు ట్రాక్టర్లలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది.

దీనిలో ప్లేట్లు రెండు. ఒకటి గేరుబాక్సుకు, రెండవది పి.టి.ఓ.కు. పెడలు సగం తొక్కితే చక్రాలు ఆగుతాయి, పి.టి.ఓ. తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా తొక్కితేనే పి.టి.ఓ. కూడా ఆగుతుంది. అంటే మిషను ఆగడానికి ఆధారం పెడలు చివరి భాగం. క్లచ్ అరిగినా, సెట్టింగు తప్పినా ముందు దెబ్బతినేది ఆ చివరి భాగమే. చక్రాలు ఆగుతున్నాయి కదా అని క్లచ్ బాగున్నదని అనుకోవడం పొరపాటు.

సెకనుకు తొమ్మిది చుట్లు

మామూలు పి.టి.ఓ. షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 9 చుట్లు. ఆరు పళ్ళున్న ఆ షాఫ్టు మందం 35 మిల్లీమీటర్లు. చుట్టుకొలత లెక్కగడితే దానికి చిక్కిన గుడ్డను సెకనుకు దాదాపు ఒక మీటరు చొప్పున చుట్టేస్తుంది. రెండు మీటర్ల లుంగీ రెండు సెకన్లలో అయిపోతుంది. పక్కనున్నవారు కేక వేసి, డ్రైవరు పెడలు తొక్కేలోగానే అంతా జరిగిపోతుంది. అటువంటప్పుడు తొక్కిన పెడలు కూడా పనిచేయకపోతే ఇక చెప్పేదేముంది?

నూర్పిడి మిషన్ల వద్ద చేతులు పోగొట్టుకున్నవారు దేశంలో ఎందరో ఉండబట్టే 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. చట్టం ఉన్నా కళ్ళంలో కాపాడేది షాఫ్టు మీది తొడుగు, మంచి క్లచ్, మనిషి జాగ్రత్త. క్లచ్ పనిచేసినా బరువైన డ్రమ్ము ఆ జోరు మీద కొంతసేపు తిరుగుతూనే ఉంటుందని మరువరాదు.

విప్పే ముందు ఒక చూపు

ఏ ఫిర్యాదు వచ్చినా వెంటనే బండి విప్పనవసరం లేదు. ముందుగా పెడలు ఆట చూడాలి. ఆట బొత్తిగా లేకపోతే బేరింగు ఎప్పుడూ ఫింగర్లను నొక్కుతూనే ఉంటుంది, క్లచ్ జారుతుంది. ఆట మరీ ఎక్కువైతే పెడలు చివరికి వచ్చినా పి.టి.ఓ. ప్లేటు వీడదు. రాడ్డు సరిచేస్తే పోయే పనికి బండి విప్పించుకున్నవారూ ఉన్నారు. వానాకాలమంతా కదలకుండా ఉన్న బండిలో ప్లేటు తుప్పు పట్టి అతుక్కుపోవడం కూడా ఉంటుంది.

ఇవేవీ కావని తేలితే బండిని మధ్యకు విడదీయవలసిందే. చదునైన గట్టి నేల కావాలి. వెనుక చక్రాలకు అడ్డు పెట్టాలి. ఇంజను పక్కకు ఒరగకుండా ముందు ఇరుసుకు రెండు వైపులా చెక్క ముక్కలు బిగించాలి. తొందరలో ఈ చెక్క ముక్కలు మరచిపోతే ఇంజను మనిషి మీదికే ఒరుగుతుంది. బ్యాటరీ వైర్లు, డీజిలు గొట్టాలు, స్టీరింగు కలుపులు విప్పాక గేరుబాక్సు కింద గట్టి స్టాండు పెట్టి, ముందు భాగాన్ని నెమ్మదిగా జరుపుతారు.

క్లచ్ కవరులో స్ప్రింగులు గట్టిగా నొక్కుకొని ఉంటాయి. ఒక్కొక్క బోల్టును కొద్దికొద్దిగా, వరుస మార్చి వదులు చేయాలి. విప్పకముందే కవరుకూ ఫ్లైవీలుకూ పంచితో గుర్తు పెట్టుకుంటే తిరిగి బిగించేటప్పుడు తడుముకోనక్కరలేదు. లోపలి దుమ్మును నోటితోగాని, గాలి పైపుతోగాని ఊదరాదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ వాడేవారు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడవడమే క్షేమం.

చిన్నదని వదిలితే పెద్ద పని

ప్లేట్లు మార్చి బిగించేయడంతో పని పూర్తి కాదు. ప్రెషర్ ప్లేటుపై నీలం మచ్చలు, బీటలు ఉన్నాయేమో చూడాలి. గీతలు పడిన ఫ్లైవీలును లేతు మీద తీయించాలి. క్లచ్ బేరింగు, ఫ్లైవీలు మధ్యనుండే చిన్న బేరింగు, ఇంజను వెనుక ఆయిలు సీలు, గేరుబాక్సు సీలు ఈ అదనులోనే మార్చుకోవాలి. సీలు ఖరీదు తక్కువే. అది కారి కొత్త ప్లేటుపై ఆయిలు పడితే మాత్రం బండిని మళ్ళీ రెండుగా విప్పవలసి వస్తుంది. అప్పటికి నూర్పిళ్ళు మధ్యలో ఉంటాయి.

కొత్త ప్లేటు దొరకని పాత బళ్ళకు లైనింగు వేయించడం మామూలే. అయితే రివెట్ల తలలు లైనింగు పైభాగం కంటే లోపలికి దిగి ఉండాలి. పైకి వస్తే ఫ్లైవీలును కోసేస్తాయి. ప్లేటు మధ్యనున్న పళ్ళు అరిగిపోతే లైనింగు వేయించీ ప్రయోజనం లేదు.

ఈ రకం బళ్ళలో పి.టి.ఓ.కు వెళ్ళే షాఫ్టు గొట్టంలా ఉంటుంది. గేరుబాక్సు షాఫ్టు దాని లోపలినుంచి వస్తుంది. అందుచేత రెండు ప్లేట్లూ ఒకే గురిలో ఉండాలి. దీనికోసం లేతు మీద చేయించిన డమ్మీ షాఫ్టును పెట్టి, ఆ తరువాతే కవరు బిగిస్తారు. కంటి అంచనాతో బిగించి, రెండు భాగాలను బలవంతంగా కలిపితే ప్లేటు వంగుతుంది.

ఫింగర్ల సెట్టింగే కీలకం

ఫింగర్లన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి ఎత్తు, ఒకటి తగ్గు అయితే ప్లేటు ఒక పక్కనే వీడుతుంది, గేరు గీరుకుంటుంది. పి.టి.ఓ. సెట్టింగు బోల్టుల వద్ద ఖాళీని కంపెనీ పుస్తకంలోని కొలత ప్రకారం ఫీలరు గేజితో చూడాలి. పెడలు ఎంత తొక్కితే పి.టి.ఓ. ఆగుతుందో నిర్ణయించేది ఆ ఖాళీయే. షెడ్లలో తరచు తొందరపడేదీ అక్కడే.

బండి కలిపాక మిషను తగిలించకుండానే పరీక్షించాలి. ఇంజను నెమ్మదిగా నడుస్తుండగా పెడలు సగం తొక్కితే చక్రాలు ఆగాలి, షాఫ్టు తిరగాలి. పూర్తిగా తొక్కితే షాఫ్టు ఆగాలి. దూరం నుంచి చూడాలే తప్ప చేత్తో పట్టి చూడరాదు. ఈ పరీక్ష రైతు కళ్ళెదుట జరిగాకే కూలి డబ్బు ఇవ్వడం మంచిది.

పెడలు మీద పాదం వద్దు

బాగుచేసిన క్లచ్ ఎన్నేళ్ళు వస్తుందన్నది డ్రైవరు పాదం మీద ఆధారపడి ఉంటుంది. నడిచేటప్పుడు పెడలు మీద పాదం ఆనించడం, దమ్ములో సగం క్లచ్‌తో బండిని లాగించడం, మిషను తిరుగుతుండగా గంటల తరబడి పెడలు సగం తొక్కి ఉంచడం ప్లేటును త్వరగా తినేస్తాయి. ఒకేచోట నిలబెట్టి నూర్చేటప్పుడు గేరును న్యూట్రలులో పెట్టి పాదం తీసేయాలి.

మిషనులో అడ్డు పడినప్పుడు క్లచ్‌ను నమ్ముకొని చేయి పెట్టరాదు. ఇంజను ఆపి, డ్రమ్ము పూర్తిగా నిలిచాకే చేయి పెట్టాలి. చీర కొంగు నడుముకు దోపుకోవడం, లుంగీ బదులు నిక్కరు వేసుకోవడం ఖర్చులేని జాగ్రత్తలు. పంట కళ్ళానికి చేరకముందే ఒక పూట కేటాయించి పెడలు తొక్కి చూసుకుంటే నూర్పిడి మధ్యలో షెడ్డుకు పరుగెత్తే పని తప్పుతుంది. షాఫ్టు పక్కన పనిచేసే కూలీలకూ భరోసా ఉంటుంది.