రంగుటద్దాల పని - మన పిల్లలకు నేర్పేదెలా?

ముంబయిలో ఫోర్ట్ వైపు వెళ్ళినవారు రాజాబాయి టవరు చూసే ఉంటారు. 1878లో పూర్తయిన ఆ కట్టడంలో విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఉంది. దాని కిటికీలకున్న రంగుటద్దాలు చూసి నేను ఈ పని నేర్చుకున్నాను. ప్రస్తుతం సెలవుల్లో వర్లీ, పరేల్ ప్రాంతాల మన కుటుంబాల పిల్లలకు నేర్పుతున్నాను. "ప్రమాదం కాదా? చదువుకు ఆటంకం కాదా?" అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. వారి కోసమే ఈ నాలుగు మాటలు.

పదమూడేళ్ళు నిండిన వారినే తీసుకుంటాను. మొదటి రోజు రంగుటద్దం ఇవ్వను. 3 మిల్లీమీటర్ల మామూలు కిటికీ అద్దం ముక్కలు ఇస్తాను. కళ్ళజోడు, మూసిన చెప్పులు తప్పనిసరి. అద్దాన్ని కోయడం అంటాం గాని, నిజానికి కోయము. కట్టరు చక్రంతో పైన సన్నని గీత గీస్తాము. రెండు వైపులా పట్టుకుని వంచితే ఆ గీత వెంట విరుగుతుంది. గీత ఒక్కసారే గీయాలి. దాని మీదే మళ్ళీ గీస్తే చక్రం పాడవుతుంది, అద్దం ఇష్టం వచ్చినట్టు పగులుతుంది.

తరువాత కాగితంపై బొమ్మ గీసి, ప్రతి ముక్కకూ అంకె వేస్తాము. కోసిన ముక్కల అంచులను నీళ్ళతో సాన పట్టి, చుట్టూ రాగి టేపు అంటించి, ఫ్లక్సు రాసి, సోల్డరుతో అతుకుతాము. ఈ పనికి ఎక్కువగా వాడే సోల్డరులో 60 పాళ్ళు తగరం, 40 పాళ్ళు సీసం ఉంటాయి. అది సుమారు 190 డిగ్రీలకు కరుగుతుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మొదటి సంవత్సరం పిల్లలు అదే బల్ల మీద బిస్కెట్లు తింటుంటే నేను ఊరుకున్నాను. పొగ ఒక్కటే ప్రమాదమనుకుని కిటికీలు తెరిచాను. ఆ పొగ ముఖ్యంగా ఫ్లక్సుది. దానికి గాలి అవసరమే. కాని సీసం ఎక్కువగా చేతుల నుండి నోటిలోకి పోతుంది. తెలిశాక సిగ్గుపడ్డాను. పిల్లలకు సీసం లేని సోల్డరే ఇస్తున్నాను. దాని ధర ఎక్కువ, కరగడానికి వేడీ ఎక్కువ కావాలి. అయినా ఫరవాలేదు. తిండి వేరే గదిలో, సబ్బుతో చేతులు కడిగాకే.

కిందటి వేసవిలో పదవ తరగతి తప్పిన కుర్రవాడొకడు వచ్చాడు. మూడు రోజులు కోసిన నెమలి మెడ ముక్క చేతిలోనే విరిగింది. లోపలికి వంగిన మలుపు లోతుగా ఉంటే అద్దం అలాగే విరుగుతుంది. "నాకు ఇది కూడా రాదు సార్" అని లేచాడు. విరిగిన చోటనే బొమ్మలో ఒక గీత కలుపు, మెడ రెండు ముక్కలు చేద్దాం అన్నాను. పాత పనివారు చేసేదీ అదే. ఆ నెమలి వాళ్ళ ఇంటి కిటికీలో ఉంది. మళ్ళీ పరీక్ష ఫీజు కట్టాడని వాళ్ళమ్మగారు చెప్పారు.

ఈ పనితో ఉద్యోగం వస్తుందని నేను హామీ ఇవ్వలేను. పాత కట్టడాల మరమ్మతుకు, ఇళ్ళ అలంకరణకు పనివారు కావాలి గాని, పెద్ద సంఖ్యలో కాదు. ఆర్కిటెక్చరు, లలితకళలు చదవదలచినవారికి మాత్రం మంచి పునాది. చదువు మానకుండా, సెలవుల్లో నేర్చుకోమనే నా సలహా.